ఆపడం వేరు, అయిపోవడం వేరు

ఇంగ్లీషులో నాకు ఎక్కువ కోపం తెప్పించిన మాట ఏదైనా ఉందంటే అది స్టాప్. మాటదేం తప్పు లేదు, పాపం. దాన్ని మా బడి పిల్లలు వాడే తీరుదే తప్పంతా.

మధ్యాహ్నం అన్నం తిని చేతులు కడుక్కొచ్చి, "మేడం, ఐ స్టాప్డ్ మై లంచ్" అంటుంది ఒకతె. "ఎందుకే, కూరలో పురుగు పడిందా?" అంటాను. బిత్తరపోయి చూస్తుంది. ఇంకొకడు లేచి, వానొచ్చి క్రికెట్ మ్యాచ్ ఫినిష్ అయింది మేడం, వాన పోయినంక మళ్ల ఆడినం అంటాడు. ఫినిష్ అయ్యాక మళ్లీ ఎట్లా ఆడతార్రా నాయనా, అని తల పట్టుకుంటాను. వాళ్లను అనీ లాభం లేదు. మన తెలుగులో "అయిపోయింది" అనే ఒక్క మాటతో సంసారమంతా నెట్టుకొస్తాం. అన్నం అయిపోయింది, పెట్రోలు అయిపోయింది, పెళ్లి అయిపోయింది, పరీక్ష అయిపోయింది. ఆ అలవాటుతో ఇంగ్లీషుకు పోతే స్టాప్, ఫినిష్, కంప్లీట్, ఎండ్ అన్నీ ఒకే గంపలో పడతాయి. చేతికి ఏది తగిలితే దాన్ని తీసి వాడేస్తారు.

నా మొదటి ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో. తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చి పెద్దమందడి మండలంలో ఒక ఊరి హైస్కూల్లో చేరాను. కాపురం వనపర్తిలో. ఎక్కడున్నా ఈ పాఠం మాత్రం ఏటేటా చెప్పేదాన్ని. కోపం ముక్కు మీదుండే మనిషిని కాబట్టి మొదట్లో తిట్టి చెప్పేదాన్ని. తిడితే పిల్లలు బెదిరారే గాని మాట మాత్రం నేర్వలేదు. చివరికి మా తమ్ముడి మగ్గం పట్టుకున్నాను.

మాది గద్వాల. నేతపని ఇల్లు. నాయిన పోయాక మగ్గం మీద తమ్ముడు కూర్చున్నాడు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసే చీరలు మావి. నూలూ పట్టూ సావుకారి ఇస్తాడు, నేసిన చీర తీసుకుని కూలి ఇస్తాడు. బోర్డు మీద ఆ మగ్గం బొమ్మ గీసి చెప్పేదాన్ని: "మా తమ్ముడు అన్నానికి లేచాడు. చీర ఇంకా మగ్గం మీదే ఉంది. తిని మళ్లీ కూర్చుంటాడు. అది స్టాప్. చీర మొత్తం నేసి కోసి తీశాడు. అది ఫినిష్. ఆ చీరకు ఒళ్లు, అంచులు, కొంగు, జాకెట్టు ముక్క అన్నీ ఉన్నాయి, ఏ లోటూ లేదు. అది కంప్లీట్. స్టాప్ అంటే ఆపడం. ఆపినదాన్ని మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఫినిష్ అయినదాన్ని ఎవడూ మొదలుపెట్టలేడు." పిల్లలకు ఇది ఎక్కింది. తర్వాతి తరగతుల వాళ్లు కూడా "మేడం, మగ్గం పాఠం ఎప్పుడు?" అని అడిగేవాళ్లు.

ఒక ఆదివారం ఈ సంగతి తమ్ముడికి చెప్పాను. మగ్గం గుంటలో కూర్చుని, అడ్డపోగు తోలే నాడె అటూ ఇటూ వేస్తూనే విన్నాడు.

"అబ్బో! నా మగ్గాన్ని బడికి తోల్కపోయినవన్నట్టు. నన్ను అడిగినవా?"

"నిన్నేంరా అడిగేది? మా నాయిన మగ్గం."

"గది సరేగాని, నీ పాఠంల ఒక తప్పున్నది" అన్నాడు. నాకు వెంటనే ఒళ్లు మండింది. ఏం తప్పు అన్నాను. "ఫినిష్ అన్నవ్ సూడు, గది మనింట్ల యాడున్నది? నాయిన చీర కోసినంక ఎన్నడన్న ఉత్తగ లేచిండా?"

నిజమే. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. చీర కోసి తీసినాక, మిగిలిన పోగుల్ని బట్ట చుట్టే కర్రకు మళ్లీ కట్టి, తర్వాతి చీర ఒక బెత్తెడు నేసిగాని మగ్గం దిగరు. ఆకలైనా సరే, బయట చుట్టం వచ్చి కూర్చున్నా సరే. పడుగు, అంటే కొన్ని చీరలకు సరిపడా మగ్గానికి నిలువుగా కట్టిన నూలు, మొత్తం కొసకొస్తే కొత్త పడుగు అతికి, అదీ బెత్తెడు నేసి, అప్పుడు లేస్తారు. మగ్గం మీద ఎప్పుడూ సగం పని ఉండాలి. ఎందుకు అంటే నాయిన చెప్పేవాడు కాదు, గట్లనే అనేవాడు. అన్నానికి పిలిస్తే తమ్ముడు ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు: "జర ఆగక్కా, బెత్తెడు నేసి వస్త." ఆ బెత్తెడు కోసం ఎన్ని మధ్యాహ్నాలు అన్నం చల్లారబెట్టుకున్నానో.

నాయిన పోయినప్పుడు కూడా మగ్గం మీద సగం చీర ఉంది. దినాలు కాగానే తమ్ముడు గుంటలో దిగి, నాయిన ఆపిన చోటు నుంచే నేశాడు. అప్పటికి వాడికి పెళ్లి కూడా కాలేదు. మా ఇంట్లో ఫినిష్ లేదని వాడన్న మాటకు ఆ రోజు నవ్వి, వాడి వీపు మీద ఒక్కటి చరిచాను. మరుసటి ఏడు పిల్లలకు ఈ సంగతి కూడా కలిపి చెప్పాను. ఇంగ్లీషులో ఫినిష్ ఉంది గాని మా తమ్ముడి మగ్గం మీద లేదు అని. పిల్లలు పకపకా నవ్వారు.

ఇదంతా వాడు బాగున్నప్పటి మాట.

తర్వాత వాడికి కడుపులో నొప్పి మొదలైంది. గుంటలో వంగి కూర్చునే పని గదా, పట్టేసిందేమో అనుకున్నాం. గద్వాలలో చూపించాం, మహబూబ్‌నగర్‌లో చూపించాం, చివరికి హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు పోయాం. కడుపులో గడ్డ అన్నారు. ఏ గడ్డో అడగాల్సిన అవసరం లేకుండా ఆ వార్డు ముందు బోర్డే చెప్పింది. కీమో మొదలుపెట్టారు. సెలవు దొరికినప్పుడల్లా నేను పోయేదాన్ని. మరదలు, అంటే వాడి భార్య, ప్రతిసారీ పోయేది. వాడి జుట్టు రాలింది, మీసం రాలింది. "ఇప్పుడు నన్ను సూస్తె నాడె గూడ గుర్తుపట్టదక్కా" అనేవాడు. ఒక విడత మందుకూ ఇంకో విడతకూ మధ్య కాస్త ఓపిక వస్తే చాలు, మగ్గం మీద కూర్చునేవాడు. కూర్చోవద్దని మరదలు కొట్లాడేది. జానెడు నేస్తే జానెడు, అంతకే అలిసిపోయి గోడకు ఒరిగేవాడు. అట్లా జానెడు జానెడుగా ఆ పడుగులో చివరి చీర కొసకొచ్చింది.

ఆ రోజు డాక్టరు నన్నూ మరదలినీ లోపలికి పిలిచాడు. తమ్ముడు బయట బెంచీ మీద ఉన్నాడు. డాక్టరు పడుచువాడు, ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు. తెలుగు రాదు. నేను ఇంగ్లీషు టీచర్నని తెలుసు కాబట్టి నాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాడు. ఫైలు మూసి, "వి ఆర్ స్టాపింగ్ ది కీమో, మ్యాడమ్" అన్నాడు.

ఏం చెప్పను, నాలో ఉన్న టీచరు ముందు లేచింది. వీడు కూడా మాట తప్పు వాడుతున్నాడనుకున్నాను. అట్లా అనుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది. "యు మీన్, ద కోర్స్ ఈజ్ కంప్లీటెడ్?" అని అడిగాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "నో, మ్యాడమ్. నాట్ కంప్లీటెడ్. స్టాప్డ్."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాటను ఇంత సరిగ్గా వాడిన మనిషిని నేను చూడలేదు. అతని చెంప పగలగొట్టాలనిపించింది. పాపం, చాలా మెల్లగా చెప్పాడు. మందు పనిచేయడం లేదనీ, ఇంకా ఇస్తే ఒళ్లు తట్టుకోదనీ, ఇంటికి తీసుకుపోయి నొప్పి తెలియకుండా చూసుకొమ్మనీ చెప్పాడు. నేను యెస్ డాక్టర్, యెస్ డాక్టర్ అంటూ ఉన్నాను. నా వెనకాల మరదలు నిలబడి ఉంది. పదో తరగతి తెలుగు మీడియంలో చదివిన పిల్ల. కానీ బస్సెక్కే ప్రతి మనిషికీ స్టాప్ అంటే తెలుసు.

గది బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుని స్తంభం పక్కకు లాగింది.

"వదినా, నీ కాళ్లు మొక్కుత. ఆయనకు చెప్పకు. కోర్సు అయిపోయిందని చెప్పు. మంచిగయినవు, ఇంటికి పొమ్మన్నరని చెప్పు."

"అడిగితే?"

"అడిగితె గూడ గదే చెప్పు. నువ్వు చెప్తె నమ్ముతడు."

నేను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. ఆమె మొహం కడుక్కుని నవ్వు తెచ్చిపెట్టుకుంది. ఆ మొహంతోనే పోయి తమ్ముడి చెప్పులు సరిచేసి తొడిగింది.

కారు మాట్లాడుకుని బయల్దేరాం. కొత్తకోట దగ్గర హైవే పక్కన దాబా ముందు డ్రైవరు ఆపాడు. తమ్ముడికి వాంతి వచ్చేట్టుందని మరదలు మాత్రల కోసం రోడ్డు అవతలి మందుల దుకాణానికి పోయింది. డ్రైవరు టీ తాగడానికి పోయాడు. తమ్ముడు ముందు సీట్లో, తలుపు తెరుచుకుని, కాళ్లు కిందపెట్టి కూర్చున్నాడు. నేను వాడి టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"అక్కా, డాక్టర్ ఏమన్నడు?"

"ఇంటికి తీస్కపొమ్మన్నడు."

"గది నాకు గూడ సమజైంది. అయిపోయిందన్నడా, ఆపినమన్నడా?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. పక్కన మెకానిక్కు ఒకతను టైరు మీద సుత్తితో కొడుతున్నాడు. ఆ చప్పుడులో వినబడనట్టు ఊరుకుందామనుకున్నాను.

"ఎందుకడుగుతున్ననంటె," వాడే అన్నాడు, "పడుగు కొసకొచ్చింది. సావుకారి కొత్త పడుగు తెచ్చి పెడతనంటుండు. తీస్కోవాల్నా, వద్దనాల్నా? తీస్కొని నేయకుంటె ఆయన పరేషాన్ అయితడు. నా పెండ్లాన్ని అడుగుదమంటె అది నవ్వుకుంటనే అబద్ధం చెప్తది. నువ్వు మాట మార్చే మనిషివి గాదు."

వాడు కళ్లెత్తి నన్నే చూస్తున్నాడు. చిన్నప్పుడు లెక్క చేసి పలక చూపించి, కరెక్టా తప్పా అని చూసేవాడు, అట్లా. రోడ్డు అవతల మరదలు దుకాణం ముందు నిలబడి ఉంది. ఆమె వీపు కనిపిస్తోంది. దేవుడా, ఇద్దరిలో ఒకరిని కొట్టక తప్పదు నాకు. ఎవరిని కొట్టను?

"ఆపిండ్రు రా" అన్నాను.

వాడు తల ఊపాడు. నా చేతిలోని గ్లాసు అందుకుని టీ కొంచెం తాగి తిరిగి ఇచ్చాడు. మళ్లీ అడిగాడు.

"మళ్ల సురూ చేస్తరా?"

"చెయ్యరు."

"అట్లయితె నీ పాఠం తప్పు గదక్కా. స్టాప్ అంటె మళ్ల సురూ చేసేదంటివి." అని నవ్వాడు. పళ్లన్నీ కనబడేట్టు, ఎప్పటి నవ్వే.

"తప్పేరా. నా పాఠం తప్పే" అన్నాను. గ్లాసులో టీ నా చీర మీద ఒలికిపోయింది. వాడే నా చేతిలోంచి గ్లాసు తీసుకుని కింద పెట్టాడు. "ఊకో. అది వస్తుంది. ఏడ్సుకుంట కనబడితె నిన్ను సంపుతది" అన్నాడు.

మరదలు రోడ్డు దాటి వచ్చింది. నా మొహం చూసింది. వాడి మొహం చూసింది. మాత్రల పొట్లం వాడి చేతిలో పెట్టి వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటేటప్పుడు ఎప్పుడైనా చేతులెత్తి మొక్కుతుంది. ఆ రోజు నది వైపు కూడా చూడలేదు.

ఇంటికి చేరి వాడిని పడుకోబెట్టాక వంటింట్లో నా మీద విరుచుకుపడింది. "నీ ఇంగ్లీషు నీ బడిల పెట్టుకోరాదా వదినా? నా ఇంట్లకెందుకు తెచ్చినవ్? ఉన్నన్ని దినాలన్న ఆశతోటి ఉంటుండె గద!" మామూలుగా ఒకటంటే రెండనే మనిషిని. ఆ రోజు ఆమె అన్నవన్నీ పడ్డాను. వాడు అడిగాడమ్మా, అని మాత్రం చెప్పాను. "అడిగితె?" అంది. నిజం చెప్పడం తప్పని అనుకోలేను, మంచి పని చేశానని కూడా అనుకోలేను.

మర్నాడు పొద్దున తమ్ముడు లేచి, సావుకారికి కబురు పంపమన్నాడు. పడుగు వద్దని చెప్పిస్తాడేమో అనుకున్నాం.

"తెచ్చి ఇయ్యమను. అతకండి" అన్నాడు.

మరదలు నా మొహం చూసింది. కోపం పోలేదు గాని ఆ చూపులో ఇద్దరం ఒక్కటయ్యాం. "నీకు చాతనయితదా?" అని వాడిని అడిగాను. "బెత్తెడు చాతనయితది" అన్నాడు. "నాయిన గట్లనే పాయె గద, మగ్గం మీద పని పెట్టి. నేను మగ్గం బోసి పెట్టి పోతనా ఏంది?"

అతకడం మా ఇళ్లలో ఆడవాళ్ల పని. పాత పడుగు కొసను పూర్తిగా నేయకుండా వదులుతారు. ఆ కొస పోగు ఒక్కొక్కదాన్నీ కొత్త పడుగులో పోగు ఒక్కొక్కదానికీ మెలిపెట్టాలి. వేళ్లకు బూడిద అద్దుకుని, రెండు కొసలూ కలిపి ఒక్క తిప్పు తిప్పితే అతుక్కుంటాయి. ముడి వేయరు. ఒక పోగు తప్పినా, ఒకటి మీద ఒకటి పడినా అంతా చిక్కు. అమ్మ దగ్గర నేర్చుకున్నదే గాని ఉద్యోగం వచ్చాక నేను ఆ పని ముట్టుకోలేదు. నా వేళ్లు మొద్దుబారిపోయాయి. మరదలు ఒక పక్క, నేను ఒక పక్క కూర్చున్నాం. పొద్దున కూర్చుంటే పొద్దు వాలేదాకా. నా అతుకులు ఊడిపోతుంటే ఆమె ఏమీ అనకుండా చెయ్యి చాచి తిరిగి అతికేది.

లోపలి గదిలో వాడు దగ్గుతున్నాడు. దగ్గినప్పుడల్లా మా ఇద్దరి చేతులూ ఆగేవి. ఒకసారి ఆమె చేతులు ఆగి, మళ్లీ కదలలేదు.

"ఎవరి కోసం అతుకుతున్నం వదినా?" అంది.

ఇక పట్టలేకపోయాం. ఇద్దరం అట్లాగే మగ్గం గుంజలకు ఒరిగి, వాడికి వినబడకుండా కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చాం. ఏడ్చినంతసేపూ చేతులు మాత్రం పడుగుకు తగలకుండా దూరంగా పెట్టుకున్నాం, నూలు తడవకూడదని. నేతపని ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ జాగ్రత్త పోదు. తర్వాత చేతులు తుడుచుకుని, బూడిద అద్దుకుని, మిగిలిన పోగులు అతికాం.

అతకడం అయిన మర్నాడు వాడిని ఇద్దరం చెరో రెక్క పట్టి గుంటలో దింపాం. అతికిన పోగులు ముందుకు లాగించి, పాత చీరను మరదలి చేత కోయించాడు. కొత్త చీర మొదలుపెట్టాడు. నాడె వేసే ప్రతి పోటుకూ ఆగి ఊపిరి తీసుకున్నాడు. అన్నం పెట్టుకుని పిలిస్తే, "జర ఆగక్కా" అన్నాడు. మిగతా మాట పూర్తిచేసే ఓపిక లేదు. బెత్తెడు నేసేసరికి పొద్దు నడినెత్తి దాటింది. చెయ్యి అడ్డంగా పెట్టి కొలుచుకున్నాడు. సరిపోయింది. లేపమన్నాడు. లేచి నిలబడి, గోడ పట్టుకుని, మగ్గం వైపు కాసేపు చూసి, "ఇగ పెట్టు అన్నం" అన్నాడు. రెండు ముద్దలు తిన్నాడు.

ఆ తర్వాత వాడు మంచం దిగలేదు. ఒక పొద్దున, మరదలు నోట్లో నీళ్లు పోస్తుంటే, వాడు పోయాడు. నేను పక్కనే ఉన్నాను. వాడి చెయ్యి నా చేతిలోనే ఉంది.

మా బడి గ్రూపులో ఎవరో టీచరు నా తమ్ముడు ఎక్స్‌పైర్ అయ్యాడని పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు. నాకు మాత్రం ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. మాత్రలు ఎక్స్‌పైర్ అవుతాయి, పాల ప్యాకెట్లు ఎక్స్‌పైర్ అవుతాయి. నా తమ్ముడు చచ్చిపోయాడు. అంతటి దుఃఖంలో కూడా నాకు మాట మీదికే పోయింది బుద్ధి, ఏం బుద్ధో నాది.

బడికి తిరిగి వెళ్లాక ఆ పాఠం వచ్చింది. మగ్గం పాఠం చెప్పండి మేడం అన్నారు పిల్లలు. బస్సు ఉదాహరణ చెప్పి గట్టెక్కాను. పెబ్బేరులో బస్సు ఆగింది, మళ్లీ బయల్దేరింది, గద్వాల చేరింది, ప్రయాణం అయిపోయింది. పిల్లలు రాసుకున్నారు. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ రోజు తరగతి నుంచి బయటికి వచ్చి, పంపు దగ్గర మొహం మీద నీళ్లు కొట్టుకుంటూ చాలాసేపు నిలబడ్డాను.

దినాలయ్యాక సావుకారి వచ్చాడు. మంచివాడే. పడుగు తనదే కాబట్టి వేరే నేతగాడిని పంపి నేయించుకుంటానన్నాడు, లేదా కోసి తీసుకుపోతానన్నాడు. మరదలు గడపలో అడ్డం నిలబడింది.

"ఎవ్వరు గూసునేది లేదు. నేను నేస్త" అంది.

పుట్టింట్లో నేర్చిన పని ఆమెకు. మా ఇంటికి వచ్చాక నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టడం, అంచు దగ్గర నాడె అందుకోవడం చేసేది గాని గుంటలో కూర్చోలేదు. పక్కింటామె సాయంతో మొదలుపెట్టింది. వాడు ఆపిన చోటు నుంచి. నేసిన బట్ట కర్రకు చుట్టుకుంటూ పోతుంది గదా, వాడు నేసిన బెత్తెడు మొదట చుట్టుకుని లోపలికి పోయింది. దాని మీద ఆమె నేసింది చుట్టు మీద చుట్టు పడింది. ఆదివారాలు పోయి చూసేదాన్ని. కర్ర లావవుతూ వచ్చింది. వాడి బెత్తెడు మళ్లీ చూడాలంటే చీర మొత్తం నేసి, కోసి, విప్పాలి. విప్పితే సావుకారి తీసుకుపోతాడు.

అందుకేనేమో, కొసకొచ్చే కొద్దీ ఆమె చెయ్యి నెమ్మదించింది. జానెడు మిగిలాక ఊరికే కూర్చునేది. సావుకారి రెండుసార్లు కబురు పెట్టాడు. "ఆపినవా?" అని అడిగాను. "ఆపిన వదినా" అంది.

చివరికి ఒక ఆదివారం నేను వెళ్లేసరికి చీర కోస్తోంది. ఇద్దరం చాప మీద విప్పాం. కొంగు వచ్చింది, ఒళ్లు వచ్చింది, ఆఖరున వాడి బెత్తెడు వచ్చింది. చూడగానే తెలిసింది మాకు. వాడి నేత కొంచెం వదులు. ఊపిరి తీసుకుంటూ వేసిన పోట్లు గదా, ఒక్కోచోట దగ్గరగా పడలేదు. ఆ తర్వాత ఆమె చెయ్యి మొదలైన చోట గట్టిగా బిగుసుకుంది. మధ్యలో సన్నటి గీత. మరదలు ఆ గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. దాని మీద చెంప ఆనించింది.

"సావుకారి వద్దంటడు వదినా" అంది. గొంతులో సంతోషం దాచుకోలేకపోయింది. "నేత తేడా ఉన్నది సూడు. వాపస్ ఇస్తడు. మనకే ఉంటది."

నాకూ ఆశ పుట్టింది. తప్పున్న చీర ఎవరు తీసుకుంటారు? నా జన్మలో మొదటిసారి, తప్పు ఉండాలనీ, అది ఎదుటివాడి కంట పడాలనీ మొక్కుకున్నాను.

సావుకారి వచ్చాడు. కళ్లజోడు పెట్టుకుని, చీరను వెలుగుకు ఎత్తి, అంచు చూశాడు, కొంగు చూశాడు. ఆ కొసకు వచ్చాడు. వేలితో తడిమాడు. ఒక్క క్షణం ఆగాడు. మరదలి మొహం చూశాడు.

"మంచిగున్నదమ్మా," అన్నాడు, "ఒక్క చెయ్యి లెక్కనే ఉన్నది." మడత పెట్టి, సంచిలో పెట్టుకున్నాడు.

అతనికి కనబడలేదో, ఆడమనిషి మీద దయతో కనబడనట్టు చేశాడో తెలియదు. పిలిచి చెబుదామని నోరు తెరిచాను. మరదలు నా చెయ్యి నొక్కింది. అతని చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినబడింది. ఇంట్లో ఆ బెత్తెడు లేదిక. ఎవరో పెళ్లికో పేరంటానికో కట్టుకుంటారు. కుచ్చిళ్ల లోపలికి పోతుంది ఆ కొస. నడుము దగ్గర దోపుకునే కొస, ఎవరికీ కనబడదు.

నేను లోపలికి పోయి ఇద్దరికీ అన్నం వడ్డించాను. ఆమెకు పొద్దుటి నుంచి ఏమీ లేదు కడుపులో. రా, తిందాం అని పిలిచాను. వచ్చి చూస్తే గుంటలో దిగి, కోసిన పోగుల్ని కర్రకు కడుతోంది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. నూలు తడవకుండా మొహం పక్కకు తిప్పుకుని కడుతోంది.

"జర ఆగు వదినా," అంది, "బెత్తెడు నేసి వస్త."

నేను అన్నం మీద మూత పెట్టి కూర్చున్నాను.